అమావాస్య నాడు కదిలిన ఓడ

పదకొండేళ్లు ఓడల కంపెనీలో పనిచేశాను. ఆ పదకొండేళ్లలో ఒక్క ఓడనైనా దగ్గర నుంచి చూడలేదు. మా ఆఫీసు సికింద్రాబాద్‌లో, క్లాక్ టవర్ నుంచి నడిచి పోయేంత దూరంలో, ఒక పాత భవనం రెండో అంతస్తులో ఉండేది. కింద సైకిల్ సామాన్ల దుకాణం, మెట్ల పక్కన జిరాక్స్ షాపు. సముద్రం చూడాలంటే ఏ దిక్కుకైనా ఒక రాత్రంతా రైల్లో కూర్చోవాలి. అయినా మా గోడ మీద ప్రపంచ పటం, దాని మీద ఎర్ర దారాలతో ఓడల దారులు ఉండేవి. వచ్చిన ప్రతివాడూ ముందు ఆ పటం ముందు నిలబడేవాడు. మేం అమ్మేది అదే మరి.

పని ఇలా సాగేది. ఎగుమతి సరుకును ఇనుప పెట్టెల్లో, అంటే కంటైనర్లలో నింపి, ఊరి శివారున ఉన్న డిపోలో రైలుకెక్కిస్తారు. అది చెన్నై రేవుకు పోతుంది. పెట్టె ఓడెక్కి, ఓడ కదిలాక రేవు నుంచి మాకు ఫ్యాక్స్ వస్తుంది. ఆ ఫ్యాక్స్ చూసి నేను సరుకు రసీదు టైపు చేస్తాను. వ్యాపారంలో దాన్ని బీఎల్ అంటారు. ఆ కాగితం చూపిస్తేనే ఇక్కడ బ్యాంకులో డబ్బు కదులుతుంది, అక్కడ పరాయి దేశంలో సరుకు చేతికొస్తుంది. అందులో ఓడ పేరు, పెట్టె నంబరు, ఓడ కదిలిన తేదీ ఉంటాయి. తేదీ పెట్టేది నేను. ఓడను చూడనివాడి మాట మీద దేశాలు నమ్మకం పెట్టుకుంటాయని నాకు లోలోపల కొంత గర్వం ఉండేది.

మూడో అంతస్తులో మా పోటీ కంపెనీ. అవే మెట్లు, అదే నీళ్ల ట్యాంకు, పనిచేయని అదే లిఫ్టు. వాళ్లు ఒక ఎగుమతిదారుకు రెండు రోజులు ఎక్కువ పెట్టె ఉంచుకోనిస్తే మేం మూడు రోజులు ఇచ్చేవాళ్లం. వాళ్లు కస్టమర్లకు బల్ల గడియారం పంచితే మేం గోడ గడియారం పంచేవాళ్లం. మా సేల్స్ వాళ్లు తలుపు వారగా తెరిచి, మెట్ల మీద బూట్ల చప్పుడు వింటూ కూర్చునేవారు. చప్పుడు రెండో అంతస్తులో ఆగితే కస్టమర్ మనవాడు. ఆగకుండా పైకి పోతే ఆ రోజు మేనేజరు ముఖం చూడలేం. పై అంతస్తు వాళ్లతో మెట్ల మీద మాట్లాడకూడదని మాకు ఆజ్ఞ. వాళ్లకూ అంతేనట.

అవి కంప్యూటర్ రోజులు. అమీర్‌పేటలో గోడ కనిపించకుండా కోర్సుల బోర్డులు. బస్సులో నా పక్కన కూర్చున్న ప్రతి కుర్రాడి ఒళ్లోనూ లావుపాటి జావా పుస్తకం. ఊరంతా కంటికి కనపడని సరుకు అమ్ముకుంటుంటే, మేం రెండంతస్తుల వాళ్లం రాళ్ల పెట్టెల కోసం, మిరపకాయల పెట్టెల కోసం కొట్టుకునేవాళ్లం.

పై అంతస్తులో నా పని చేసేవాడు నా స్నేహితుడు. నాకంటే ఎనిమిదేళ్లు చిన్న. ఇద్దరం విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్లమే. అక్కడ ఖాళీ ఉందని అతనికి చెప్పింది కూడా నేనే. ఆదివారాలు మేం కొందరం ఒక గ్రంథాలయం మేడ మీద చేరి వాదించుకునేవాళ్లం. దేవుడు, జాతకం, కులం, వాస్తు, దేన్నీ వదిలేవాళ్లం కాదు. అక్కడ ఒక నియమం ఉండేది, మా నాన్న కాలం సంస్కరణ సభల నుంచి వచ్చినది. ఎదుటివాడి వాదాన్ని ముందు నువ్వే చెప్పాలి. అతను చెప్పుకోగలిగినదానికంటే బాగా చెప్పాలి. అతను సరేనన్నాకే ఖండించాలి. ఈ నియమంలో నన్ను మించినవాడు లేడని అతను అందరితో చెప్పేవాడు. నన్ను మాస్టారూ అని పిలిచేవాడు. నేను ఎవరికీ ఏ పాఠమూ చెప్పలేదు, అయినా ఆ పిలుపు బాగుండేది.

ఇక రాళ్లాయన. చర్లపల్లిలో కొత్తగా గ్రానైట్ ఫ్యాక్టరీ పెట్టాడు. నల్లరాయిని కోసి, అద్దంలా మెరుగుపెట్టి జర్మనీ పంపేవాడు. అక్కడ వాటిని సమాధుల మీద నిలబెడతారు. మొదటి పెట్టె మా కంపెనీలో పంపాడు. బీఎల్ తీసుకోవడానికి తనే వచ్చి, కాగితం చూసి, నా బల్ల ముందు కుర్చీలో కూలబడ్డాడు.

"సార్, గీ తేదీ ఏంది?"

"ఓడ కదిలిన తేదీ."

"ఆ దినం అమాస సార్."

"అవును. చీకటిగా ఉంటుంది. ఓడకు లైట్లుంటాయి."

ఆయన నవ్వలేదు. "మజాక్ కాదు సార్. కొత్త ఫ్యాక్టరీ, ఫస్ట్ కంటైనర్. గీ కాగితం మా అమ్మ దేవుని అర్రల పెడ్తది. పసుపు కుంకుమ పెట్టినంకనే బ్యాంకుకు పోవాలె. అమాస తేదీ చూస్తే ఆమె ముట్టదు. జెర శుక్రవారం ఏయుండ్రి. రెండు దినాలే గదా."

"మీరు పంపింది సమాధి రాళ్లు. ఆ చచ్చిపోయినవాళ్లు ఏ తిథిన పోయారో కనుక్కున్నారా?"

"వాళ్లది వాళ్లకు సార్."

"ఓడ చెన్నైలో కదిలింది. అక్కడివాళ్లకు అమావాస్య మంచిరోజు. కొత్త పని ఆ రోజే మొదలుపెడతారు. ఒకే చంద్రుడు, చెన్నైలో మంచివాడు, సికింద్రాబాద్‌లో చెడ్డవాడా?"

"మద్రాసోళ్ల మంచి మద్రాసోళ్లకు. నా ఫ్యాక్టరీ చర్లపల్లిల ఉన్నది సార్."

వాదంలో నేను గెలిచాను. ఆఫీసంతా విని నవ్వింది. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా వెళ్లిపోయాడు. ఆ పెట్టెలో రెండు రాళ్లు దారిలో పగిలాయట. రాళ్ల మధ్య చెక్కలు సరిగా బిగించలేదు కాబట్టి పగిలాయి. కానీ చర్లపల్లిలో వాటిని అమావాస్యే పగలగొట్టింది. రెండో పెట్టె నాటికి ఆయన బూట్ల చప్పుడు మా అంతస్తులో ఆగకుండా పైకి పోయింది. మిగతా రాళ్ల ఫ్యాక్టరీల వాళ్లు కూడా ఆయన వెనకే పోయారు.

మా మేనేజరు గుంటూరు వైపు మనిషి, మర్యాద తెలిసినవాడు. గట్టిగా అరవడు.

"ఏవండీ, తర్కం ఆదివారం పెట్టుకోండి. సోమవారం నుంచి శనివారం దాకా కస్టమరే దేవుడు."

"నేను దేవుణ్ణి నమ్మనండి."

"పోనీ కస్టమర్నన్నా నమ్మండి."

సరిగ్గా ఆ ఏడాదే మా హెడ్డాఫీసు నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. సముద్రాల అవతల ఉన్న మా రెండు కంపెనీల యజమానులు ఒక ఒప్పందానికి వచ్చారు. చెన్నై నుంచి ఇకపై చెరొక ఓడ నడపరు. ఒకే ఓడలో సగం జాగా వాళ్లది, సగం మాది. ఈ సంగతి కస్టమర్లతో అనవసరంగా చెప్పవద్దు, అమ్మకాల పోటీ యథాతథంగా సాగించవలెను అని చివరి వాక్యం. అంటే పై అంతస్తుకు పోయిన పెట్టె, మా అంతస్తులో ఆగిన పెట్టె, రెండూ ఒకే రైల్లో పోయి, ఒకే ఓడ మీద ఒకదాని మీద ఒకటి కూర్చునేవి. గొడవంతా మెట్ల మీదే. యజమానులు నీళ్ల మీద చేయి చేయి కలిపి, మమ్మల్ని నేల మీద కొట్టుకోమన్నారు. మేం కొట్టుకున్నాం. ఇంకా ఎక్కువగా కొట్టుకున్నాం, ఎందుకంటే ఇప్పుడు మా ఓడ వేగమని, వాళ్ల ఓడ నిదానమని చెప్పుకునే వీలు కూడా పోయింది.

ఒక సాయంత్రం బస్సులో నా స్నేహితుడు పక్కన చేరాడు. మెట్ల మీద మాట్లాడకూడదు గాని బస్సు ఎవరి ఆఫీసూ కాదు. నేను సైనిక్‌పురిలో, అతను ఏ.ఎస్. రావు నగర్‌లో ఉండేవాళ్లం. సగం దారి దాటాక సీటు దొరికింది. అతను సంచిలోంచి ఒక జిరాక్స్ కాగితం తీశాడు.

"మాస్టారూ, ఓ మాట అడగాల. కోప్పడకండి."

"ఏమిటి?"

"ఆ రాళ్లాయన బీఎల్ ఇది. ఓడ బుధవారం కదిలింది. మీదీ అదే ఓడే గదా, మీకూ ఫ్యాక్స్ వచ్చుంటాది. నేను శుక్రవారం వేశాను."

"మళ్లీ అమావాస్యా?"

"అమావాస్యే. మా మేనేజరు వెయ్యమన్నాడు. నోటితో అన్నాడు, కాయితం మీద అన్లేదు. సంతకం నాది. దీనివల్ల ఏటైనా అవుతాదంటారా?"

"అవుతుందా అని కాదు. అబద్ధం కదా అది."

"అబద్ధవే. పాపని మొన్ననే స్కూల్లో వేశాను. నేను కాదంటే నా కుర్చీలో ఇంకోడు కూర్చుని అదే తేదీ ఏస్తాడు. మీరైతే ఏటి చేద్దురు?"

"నేనేం చేశానో ఊరందరికీ తెలుసు. ముందు నా బల్ల దగ్గరికే వచ్చాడు."

"అందుకే గదా మా బల్ల దగ్గరికొచ్చాడు," అని నవ్వాడు.

నాకు కోపం వచ్చింది. నేరేడ్‌మెట్ నుంచి నా స్టాపు దాకా ఉపన్యాసం ఇచ్చాను. తిథుల పేరుతో మనుషుల్ని ఎన్ని వందల ఏళ్లు భయపెట్టారో, చదువుకున్న గుమాస్తా ఆ భయానికి రబ్బరు స్టాంపు కొడితే పురోహితుడికీ అతనికీ తేడా ఏమిటో చెప్పాను. ముందు సీట్లో పెద్దావిడ తిరిగి చూసింది. అతను శ్రద్ధగా అంతా విన్నాడు.

"నిజవే మాస్టారూ. అయితే ఇప్పుడేటి చెయ్యమంటారు?"

నా స్టాపు వచ్చింది. దిగిపోయాను.

ఆ నెలాఖరున ముంబై ఆఫీసు నుంచి మా మేనేజరుకు ఉత్తరం వచ్చింది. రాళ్ల పెట్టెలు ఎందుకు తగ్గాయో కారణం రాయాలి, మనుషుల్ని తగ్గించే ఆలోచన కూడా చెప్పాలి. ఆయన నన్ను లోపలికి పిలిచి, తలుపు వేసి, ఉత్తరం నా వైపు తిప్పాడు.

"కారణం ఏమని రాయమంటారు? మీ తర్కమని రాయనా?"

భయం వేసింది. ఆ భయాన్ని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అప్పుడు దానికి వేరే పేరు పెట్టుకున్నాను.

"పైవాళ్లు దొంగ తేదీలు వేస్తున్నారు. అందుకే రాళ్లవాళ్లు అటు పోతున్నారు," అన్నాను.

"రుజువుందా?"

"ఒకే ఓడ కదండీ. మన మిరపకాయల బీఎల్ మీద బుధవారం ఉంది. వాళ్ల రాళ్ల బీఎల్ మీద శుక్రవారం ఉంటుంది. ఒకే ఓడ రెండుసార్లు కదలదు."

ఆయన ఉత్తరం పక్కన పెట్టాడు. కాఫీ తెప్పించాడు. అన్నేళ్లలో నాకు ఆ గదిలో ఇచ్చిన మొదటి కాఫీ అది.

"వాళ్ల హెడ్డాఫీసుకు రాయండి. మీరే రాయండి, మీ భాష బాగుంటుంది."

రాశాను. మధ్యాహ్నం కూర్చుని ఆరు పేరాల ఉత్తరం రాశాను. ఓడ పేరు, ప్రయాణం నంబరు, మా తేదీ, వాళ్ల తేదీ. మూఢనమ్మకం వ్యాపారంలోకి దొంగదారిన వస్తే సముద్ర వాణిజ్యం మీదే విశ్వాసం పోతుందని నాలుగో పేరాలో ఉంది. ఆ వాక్యం నాకు అప్పుడు చాలా నచ్చింది. స్నేహితుడి పేరు ఎక్కడా రాయలేదు. బీఎల్ నంబరు మాత్రం రాశాను. ఆ నంబరు నాకు ఎలా తెలుసు? బస్సులో అతను చూపించిన కాగితం మీద చూశాను. వాళ్ల నంబర్ల చివర టైపు చేసినవాడి పేరులోని మొదటి అక్షరాలు ఉంటాయి. అది కూడా నాకు తెలుసు.

ఆదివారపు నియమం ఒకటుందని చెప్పాను కదా. ఎదుటివాడి వాదం ముందు నువ్వే చెప్పాలని. మేనేజరు నోటితో చెప్పాడు, సంతకం గుమాస్తాది, పాప స్కూలు, కుర్చీలో ఇంకొకడు కూర్చుంటాడు. ఆ ఆరు పేరాల్లో ఇందులో ఒక్క ముక్క కూడా లేదు.

పదిహేను రోజుల్లో ముంబైలోని వాళ్ల హెడ్డాఫీసు నుంచి ఇద్దరు పై అంతస్తుకు వచ్చారు. వాళ్ల మేనేజరు ఆశ్చర్యం నటించాడట. గుమాస్తా సొంతంగా చేశాడని, బహుశా పార్టీ దగ్గర ఏదో తీసుకుని ఉంటాడని చెప్పాడట. నోటిమాటకు జిరాక్స్ ఉండదు. అదే రోజు మధ్యాహ్నం నా స్నేహితుణ్ణి తీసేశారు. మెట్ల మీద చెప్పుల చప్పుడు విన్నాను. టిఫిన్ డబ్బా రెయిలింగ్‌కు తగిలిన చప్పుడు కూడా. ఆ చప్పుడు మా అంతస్తు దగ్గర ఆగింది. మా సేల్స్ వాళ్లు అలవాటుగా తలెత్తారు. తర్వాత కిందికి పోయింది.

ఆదివారం మేడ మీదికి అతను రాలేదు. ఆ తర్వాత కొన్ని వారాలకు నేనూ మానేశాను. కారణం అడిగినవాళ్లకు ఆరోగ్యం అన్నాను.

రాళ్లాయన తిరిగి మా దగ్గరికి వచ్చాడు, పైన తేదీలు మార్చడం ఆగిపోయింది కాబట్టి. ఆయన్ని నిలబెట్టుకోవడానికి మా మేనేజరు ఒక ఉపాయం కనిపెట్టాడు.

"తేదీ మార్చవద్దు. అది మీకిష్టం ఉండదు, నాకూ ఉండదు. నెలనెలా ఓడల పట్టిక అచ్చు వేస్తున్నాం కదా. ప్రతి ఓడ పక్కనా తిథి కూడా వేద్దాం. వాళ్లే మంచి ఓడ చూసుకుని ఎక్కిస్తారు. ఇందులో అబద్ధం ఏమైనా ఉందా?"

లేదు. తిథి లెక్క ఖగోళం లెక్కే. అమావాస్య నాడు చంద్రుడు కనపడడన్నది నిజమే. పట్టిక తయారుచేసే పని నాదే. ప్రతి నెలా ఆఫీసు ఖర్చుతో కొన్న పంచాంగం ముందేసుకుని, ఓడ కదిలే తేదీ ఎదురుగా తిథి, వారం, రాహుకాలం టైపు చేశాను. అమావాస్య ఓడలకు చుక్క గుర్తు పెట్టాను. పసుపు రంగు కాగితం మీద అచ్చు వేశాం. పై అంతస్తు వాళ్లు మరుసటి నెల వర్జ్యం కూడా కలిపారు. మేం దుర్ముహూర్తం కలిపాం. అంతకు ముందు పట్టిక చూడకుండా పారేసిన కస్టమర్లు ఇప్పుడు అదనపు కాపీలు అడిగి, ఇంట్లో గోడకు తగిలించుకున్నారు. నా జీవితంలో ఎక్కువమంది చదివిన నా రచన అదే.

రెండేళ్లకు పెద్ద వార్త వచ్చింది. సముద్రాల అవతల ఒక కంపెనీ ఇంకొకదాన్ని కొనేసింది. రెండంతస్తుల వాళ్లం ఒక ఆఫీసైపోయాం. పై అంతస్తు ఖాళీ చేశారు, అందులో సాఫ్ట్‌వేర్ శిక్షణ కేంద్రం వచ్చింది. బల్లలు మోసుకొస్తున్న రోజు, ఒకప్పుడు మాట్లాడకూడని వాళ్లంతా మెట్ల మీద నిలబడి ఒకే డబ్బాలోంచి స్వీట్లు తిన్నారు. మా మేనేజరు మర్యాదగా రాజీనామా చేసి, అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు పెట్టుకున్నాడు. పై అంతస్తు మేనేజరు మాకు మేనేజరయ్యాడు.

మొదటి రోజే నన్ను పిలిచాడు.

"ఆ ఉత్తరం రాసింది మీరేనట కదా."

"అవునండి."

"భలే రాశారండీ. కొంచెంలో నా ఉద్యోగమే పోయేది." నవ్వాడు. "ఇకనుంచి పెద్ద ఉత్తరాలన్నీ మీరే చూడండి."

అతని చేతిలో మా పసుపు పట్టిక ఉంది.

ఆ వేసవిలో నా స్నేహితుడు ఆఫీసుకు వచ్చాడు. రెండో అంతస్తులోకి అడుగుపెట్టడం అదే మొదటిసారి. మనిషి సన్నబడ్డాడు. బేగంపేటలో అమెరికా డాక్టర్లు టేపులో చెప్పిన రోగాలు విని టైపు చేసే పనిలో ఉన్నాడు. పెద్ద కంపెనీలో ఇంతకంటే మంచి ఉద్యోగం వచ్చింది. వాళ్లు పాత ఉద్యోగం నుంచి రిలీవింగ్ లెటర్ అడుగుతున్నారు. అతని పాత ఫైళ్లన్నీ ఇప్పుడు మా బీరువాలోనే ఉన్నాయి. వారంలో కాగితం ఇవ్వకపోతే ఆ ఉద్యోగం పోతుంది.

"తీసేశారని రాస్తే వాళ్లు తీసుకోరు మాస్టారూ," అన్నాడు. అంతే అన్నాడు. ఇంకేమీ గుర్తు చేయలేదు.

కూర్చోబెట్టాను. టైపు చేశాను. తన ఇష్టపూర్వకంగా రాజీనామా చేశారని రాశాను. ప్రవర్తన సంతృప్తికరమని రాశాను. తేదీ దగ్గర ఆగాను. తీసేసిన తర్వాత మూడు నెలలు అతను ఖాళీగా ఉన్నాడు. కొత్త కంపెనీ వాళ్లు ఆ ఖాళీ గురించి అడుగుతారు. కాబట్టి ఆ మూడు నెలలు దాటాక వచ్చిన ఒక తేదీ వేశాను. ఆ మూడు నెలలూ అతను ఇక్కడే పనిచేసినట్టు. మేనేజరు లోపల ఫోన్లో మాట్లాడుతూనే, చదవకుండా సంతకం పెట్టాడు. ఆఫీసు ముద్ర నేనే వేశాను.

అతను కాగితం రెండుసార్లు చదువుకున్నాడు. వేలు తేదీ మీద ఆగింది.

"ఇది నిజం కాదు గదా మాస్టారూ."

"కాదు."

"మంచిదే. ఆ రోజు అమావాస్య గాని పడిందేటి?"

"లేదు. విదియ," అన్నాను.

చెప్పాక గానీ నాకు తెలియలేదు, పంచాంగం తెరవకుండానే చెప్పానని. అతనికీ తెలిసింది. గోడకున్న పసుపు పట్టిక వైపు ఒకసారి చూశాడు. కాగితాన్ని జాగ్రత్తగా ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని, "వస్తానండి" అన్నాడు. ఈసారి మాస్టారూ అనలేదు. మెట్ల మీద చెప్పుల చప్పుడు ఎక్కడా ఆగకుండా కిందికి పోయింది.